గీత పొడవు తగ్గితే పిల్లల మార్కు పోతోంది: గణిత ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరీక్షల అధికారులకు, గణితం పేపర్లు కూర్చే ఉపాధ్యాయ మిత్రులకు, వాటిని టైపు చేసే డీటీపీ ఆపరేటర్లకు,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా గణితం చెబుతున్నాను. గణితం పేపర్లలో సమీకరణాలు చెదిరి అచ్చవడం మీద ఇప్పటికి మూడుసార్లు రాశాను. మొదటి ఉత్తరం స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో చేతికే ఇచ్చాను. "చూద్దాం మేడం" అన్నారు. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో, మూడోది ఈమెయిల్లో పంపాను. జవాబు లేదు. మళ్లీ పేపర్లు టైపింగుకు వెళ్లే రోజులు దగ్గరపడ్డాయి. అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

జరిగింది చెబుతాను. ఎనిమిదో తరగతి సమ్మెటివ్ పరీక్షలో ఏకచరరాశి రేఖీయ సమీకరణాల నుంచి రెండు మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. అచ్చులో అది ఇలా ఉంది: 2ఎక్స్ + 1/3 = 5. ఒకే వరసలో, మధ్యలో ఒక ఏటవాలు గీత, అంతే. పేపరు కూర్చినవారి మనసులో ఉన్నది "రెండు ఎక్స్ ప్లస్ వన్, హోల్ బై త్రీ" అని మాకు కీ వచ్చాక తెలిసింది. అలా చదివితే ఎక్స్ విలువ 7. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివితే ఒకటి మాత్రమే మూడో వంతవుతుంది, ఎక్స్ విలువ 7/3. మా తరగతిలో పరీక్ష రాసిన 41 మందిలో 17 మంది 7/3 అని రాశారు. కీలో 7 ఒక్కటే ఉంది. పదిహేడు మందికీ సున్నా.

పేపర్లు ఇచ్చిన రోజు వెనక బెంచీ అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చి, "నేనెక్కడ తప్పు చేశానో చూపించండి మేడం" అంది. వరసవరసా చూశాను. పక్షాంతరం సరిగ్గా చేసింది. భిన్నాల తీసివేత సరిగ్గా చేసింది. రెండుతో భాగించడం కూడా సరిగ్గానే చేసింది. చూపించడానికి నాకు తప్పు దొరకలేదు. తప్పు ప్రశ్నలో ఉందని ఆ పిల్లతో చెప్పగలిగాను గానీ మార్కు వేయలేకపోయాను.

తరగతి గదిలో మేం నోటితో గట్టెక్కుతాం. "హోల్ బై" అంటాం, "హోల్ స్క్వేర్" అంటాం, బోర్డు మీద చెయ్యి సాగదీసి గీత గీస్తాం. కాగితానికి నోరు లేదు. అది చెప్పగలిగినదంతా గీత ఎంత పొడుగుంది, అంకె ఎంత పైన ఉంది, ఏ గుర్తు కింద ఏ గుర్తు వచ్చింది అన్నదాంతోనే చెప్పాలి. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యంలో లెక్కకు ఛందస్సు కాపలా కాస్తుంది. అక్షరం జారితే గణం తప్పుతుంది, చదివేవాడు అక్కడే ఆగి సరిచూసుకుంటాడు. అచ్చు గణితానికి ఆ కాపలా కాసేది వరసే. మన పేపర్లలో కరవైంది అదే.

దీనివల్ల పిల్లలకు జరుగుతున్న నష్టం ఇదీ:

1. భిన్నపు గీత. పైన చెప్పినది ఒక్క ప్రశ్న కథ కాదు. లవంలో గానీ హారంలో గానీ రెండు పదాలున్నప్పుడు కుండలీకరణాలు లేకుండా ఒకే వరసలో టైపు చేస్తే ఆ ప్రశ్నకు రెండు అర్థాలు వస్తాయి. 12 + 6/3 అని ఇస్తే 14 అనేది సరైన జవాబు. మొత్తాన్ని మూడుతో భాగించమని మీ ఉద్దేశమైతే జవాబు 6. పిల్లలు మీ ఉద్దేశాన్ని ఊహించాలా, అచ్చును నమ్మాలా? నమ్మమనే మేం నేర్పుతున్నాం.

2. జారిన ఘాతాంకాలు. ప్రశ్నను ఒకచోట కాపీ చేసి ఇంకోచోట ఉత్త అక్షరాలుగా అతికిస్తే, పైన కూర్చున్న చిన్న అంకె కిందికి దిగిపోతుంది. రెండు ఘాతం అయిదు, అంటే 32, ఇరవై అయిదైపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నను పేపర్లోకి ఎక్కించిన ప్రతిసారీ ఈ ప్రమాదం ఉంది. సగం జారితే మరీ ప్రమాదం. రెండు ఘాతం "ఎన్ ప్లస్ ఒకటి"లో ఎన్ పైనే ఉండి, ప్లస్ ఒకటి కిందికి వస్తే చూడటానికి ప్రశ్న నిండుగానే కనిపిస్తుంది. ఎన్ 3 అయినప్పుడు మొదటిది 16, రెండోది 9. ఇంటర్ పిల్లలకు లాగరిథమ్‌లలో దీని అన్న ఎదురవుతాడు. కింద ఉండాల్సిన ఆధారం వరసలోకి ఎక్కి కూర్చుంటే ఆధారం 2కు 8 లాగరిథమ్ కాస్తా లాగ్ 28 అవుతుంది.

3. కప్పు లేని వర్గమూలం. గుర్తుల పట్టికలోంచి √ ఒక్కటే తెచ్చి పెడతారు, పైగీత ఉండదు. √16 + 9 అంటే 13. గీత తొమ్మిది దాకా వస్తే 5. పైథాగరస్ సిద్ధాంతం చదివే పిల్లలకు ఈ రెండూ ఒకటి కావని ఏడాదంతా చెబుతాం. పరీక్షలో మనమే ఒకటి చేసి ఇస్తాం.

4. నిలువు వరస. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దీన్ని అందరూ సోకుగా చూస్తున్నారు.

రెండు చరరాశుల సమీకరణాల జతను తొలగించే పద్ధతిలో సాధించేటప్పుడు ఎక్స్ కింద ఎక్స్, వై కింద వై, సమానం కింద సమానం రాయమంటాం. అలా రాస్తే దేన్ని దేనిలోంచి తీసివేయాలో కన్నే చెబుతుంది. ఇంటర్లో మాత్రికలకు వచ్చేసరికి ఈ వరస మీదే లెక్కంతా నిలబడుతుంది. ఎక్స్ + వై + జెడ్ = 6 అని ఒక సమీకరణం, దాని కింద ఎక్స్ + జెడ్ = 4 అని ఇంకోటి ఉన్నాయనుకోండి. రెండోదాంట్లో వై లేదు. వరసగా పేర్చి, వై కింద చోటు ఖాళీగా వదిలితే పిల్లలు ఆ ఖాళీలో సున్నా వేసి 1, 0, 1 అని మాత్రిక రాస్తారు. ఎడమకు నెట్టి జెడ్‌ను తెచ్చి వై కింద పెడితే, తడబడే పిల్లలు 1, 1, 0 అని రాసేస్తారు. ఆపైన ఎంత ఒడుపుగా చేసినా జవాబు రాదు. ఆ ఖాళీ కూడా ప్రశ్నలో భాగమే.

సమానం గుర్తును 1557లో తెచ్చిన వేల్స్ పండితుడు రాబర్ట్ రికార్డ్, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలకంటే సమానమైనవి మరేవీ ఉండవు కాబట్టి వాటిని ఎంచుకున్నానని చెప్పుకున్నాడు. గణితంలో గుర్తుకూ, ఆకారానికీ, అర్థానికీ అంత దగ్గరి చుట్టరికం.

5. తెలుగు మీడియం పిల్లలకు రెట్టింపు దెబ్బ. రెండు భాషల్లో అచ్చయ్యే పేపర్లలో ఇంగ్లిష్ వైపు సమీకరణం సరిగ్గా ఉండి, తెలుగు వైపు చెదిరిపోవడం నేను చాలాసార్లు చూశాను. కారణాలు రెండు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కొన్ని గుర్తుల స్థానంలో తెలుగు అక్షరపు ముక్కలు కూర్చుని ఉంటాయి. ఫాంటు మార్చడం ఒక్కచోట మరచిపోయినా గుర్తు పోయి ముక్క వస్తుంది. రెండోది ఇంకా చిన్న విషయం, ఎవరి కంటా పడనిది. గుడులకూ ఒత్తులకూ తెలుగు వరసల మధ్య ఎడం పెరుగుతుంది కాబట్టి, పేజీలు మిగల్చడానికి వర్డ్‌లో వరసల ఎడాన్ని "ఎగ్జాక్ట్‌లీ" అని బిగించేస్తారు. అలా బిగిస్తే భిన్నం ఆ ఎత్తులో పట్టదు, లవం తల తెగిపోతుంది. తలతెగిన లవంలో 8 ఉందో 6 ఉందో పరీక్ష హాల్లో ఎవరిని అడగాలి? ఇన్విజిలేటర్‌గా ఆ గదిలో ఉండేది తెలుగు సారో, సోషల్ టీచరో.

6. చూపు లేని పిల్లలు. సమీకరణాన్ని ఫొటో తీసి అతికిస్తే, స్క్రీన్ రీడర్‌తో చదివేవారికి అక్కడ ఒక బొమ్మ ఉందని మాత్రమే తెలుస్తుంది. సమీకరణాల సాధనంతో రాసినదాన్నయితే తగిన సాఫ్ట్‌వేర్ చదివి వినిపించగలదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. మన ఫైళ్లు దానికి తగ్గట్టు మారలేదు.

ఇదంతా సాధ్యమేనా, కంప్యూటర్ వినొద్దా అని కొందరు అన్నారు. వింటుంది. నేను కూర్చుని నేర్చుకున్నాను. సాయంత్రాలు కలుపుకుని వారం పట్టింది. ఆపరేటర్లకు నేరుగా చెబుతున్నాను, ఇవి ఈ రోజే చేసి చూడండి.

వర్డ్‌లో ఆల్ట్ మీట పట్టుకుని సమానం మీట నొక్కితే సమీకరణానికి గడి తెరుచుకుంటుంది. ఈ సాధనం 2007 వెర్షన్ నుంచీ ఉంది. అందులో కుండలీకరణాల్లో లవం, ఏటవాలు గీత, మళ్లీ కుండలీకరణాల్లో హారం టైపు చేసి స్పేస్ కొడితే అదే నిలువు భిన్నంగా మారుతుంది. అక్కర్లేని కుండలీకరణాలు వాటంతటవే పోతాయి, గీత కావలసినంత పొడవు సాగుతుంది. సాధన నాలుగు వరసలుంటే ప్రతి వరసకూ వేరే గడి తెరవకండి. ఒకే గడిలో షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడుతూ వెళ్లండి. చివర్లో అన్నిటినీ ఎంచుకుని మౌస్ కుడి బటన్ నొక్కితే సమానం దగ్గర వరసపెట్టమనే ఎంపిక కనిపిస్తుంది. ఒక్క నొక్కుతో సమానాలన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. సమీకరణానికి కుడి అంచున సంఖ్య కావాలంటే, కొత్త వెర్షన్లలో చివర హాష్ గుర్తు పెట్టి, కుండలీకరణాల్లో సంఖ్య రాసి ఎంటర్ కొడితే చాలు. పాత వెర్షన్ అయితే గీతలు కనపడని మూడు గడుల పట్టిక వేసి, నడిమి గడిలో సమీకరణం, కుడి గడిలో సంఖ్య పెట్టండి.

లిబ్రె ఆఫీస్ వాడేవారికి ఇది ఇంకా తేలిక, పైగా ఉచితం. రైటర్‌లో ఎఫ్, ఎన్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఎఫ్3 మీట నొక్కితే సంఖ్యతో సహా సమీకరణం వచ్చి కూర్చుంటుంది. వరసలు పేర్చడానికి అందులో మాత్రిక ఆదేశం ఉంది.

చేయకూడనిది ఒక్కటే గట్టిగా చెబుతాను. స్పేస్ బార్‌తో వరస పేర్చకండి. స్పేస్ వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది. మీ కంప్యూటర్లో చక్కగా ఉన్నది ప్రింటింగ్ ప్రెస్‌లో ఇంకో ఫాంటుతో తెరుచుకుంటే చెదిరిపోతుంది. పేరాకు రెండువైపులా అంచులు సమం చేసే జస్టిఫై పెట్టారంటే ఆ స్పేసులు సాగిపోతాయి. కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కి చూడండి. సమీకరణం మధ్యలో చుక్కలు బారులు తీరి కనిపిస్తే ఆ వరస నిలిచేది కాదు. అలాగే పనంతా అయ్యాక పాత వెర్షన్ వాళ్ల కోసమని డాట్ డాక్ ఫైలుగా సేవ్ చేస్తే రాసిన సమీకరణాలన్నీ బొమ్మలైపోతాయి. ఆ ఫైల్లో తర్వాత అంకె మార్చాలన్నా కుదరదు. ప్రెస్‌కు ఎప్పుడూ పీడీఎఫ్ పంపండి.

పాత ఫైళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు అందరం వాడిన ఈక్వేషన్ ఎడిటర్ 3.0ను భద్రతా లోపాల కారణంగా మైక్రోసాఫ్ట్ 2018 జనవరిలో తీసేసింది. దానితో చేసిన సమీకరణాలు తెర మీద కనిపిస్తాయి గానీ ఆ సాధనంతో దిద్దడం ఇక కుదరదు. పాత ప్రశ్నల నిధి నుంచి ప్రశ్న తీసి అంకెలు మార్చబోయినవారు, కుదరక పైన తెల్ల డబ్బా అతికించి దానిమీద కొత్త అంకె టైపు చేయడం నేను కళ్లారా చూశాను. ఆ డబ్బా ప్రింటులో పక్కకు జరిగింది. ఆపరేటరును తిట్టుకుని లాభం లేదు, అతనికి ఎవరూ వేరే దారి చూపలేదు.

ఆపరేటర్ల పక్షాన ఒక మాట. మా ఊళ్లో గణితం పేజీకీ, వ్యాసం పేజీకీ డీటీపీ రేటు ఒకటే. వ్యాసం పేజీ పావుగంటలో అయిపోతుంది. గణితం పేజీకి గంట పైన పడుతుంది. సీసం అచ్చులు పేర్చే కాలంలో ఇంగ్లిష్ ముద్రణాలయాలు ఇలాంటి కష్టమైన కూర్పును "పెనాల్టీ కాపీ" అని వేరుచేసి ఎక్కువ ధర తీసుకునేవి. పని కష్టమని ఒప్పుకుని డబ్బు ఇచ్చేవారు. అమెరికాలో డొనాల్డ్ కనూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1977లో తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, గణితం అచ్చు బాగాలేదని బాధపడి, టెక్ అనే కూర్పు వ్యవస్థను తనే తయారుచేయడానికి పూనుకున్నాడు. ఏళ్లు వెచ్చించి దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ప్రపంచమంతటా గణిత పత్రికలు చాలావరకు నేటికీ దానిమీదే నడుస్తున్నాయి. మిమ్మల్ని టెక్ నేర్చుకోమని నేను అడగడం లేదు. చేతిలో ఉన్న వర్డ్‌ను సరిగ్గా వాడమంటున్నాను.

నా కోరికలు ఇవి. గౌరవంతోనే అడుగుతున్నాను, కానీ ఒక్కదాన్నీ వదులుకోను.

1. అచ్చు నుంచి సాధించి చూడండి. ఇప్పుడు రాతప్రతిని పక్కన పెట్టుకుని ప్రూఫు దిద్దుతున్నారు. రాతప్రతిలో ఉన్నది తెలిసిన కన్ను అచ్చులో లేని గీతను కూడా ఊహించుకుంటుంది. రాతప్రతి చూడని గణిత ఉపాధ్యాయుడు ఒకరు, తుది పీడీఎఫ్ మాత్రమే ముందు పెట్టుకుని, పేపరంతా సాధించి కీతో పోల్చాలి. గోప్యత పోతుందని మీరనవచ్చు. కమిటీలోనే ఇంకొకరితో ఆ పని చేయించండి, బయటివారు అక్కర్లేదు. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది ఈసారి నుంచే మొదలుకావాలి.

2. రెండు అర్థాలొచ్చేలా అచ్చయిన ప్రశ్నకు రెండు జవాబులకూ పూర్తి మార్కులు ఇవ్వమని దిద్దుబాటు సూచనల్లో శాశ్వతంగా రాయండి. ప్రతిసారీ ఉపాధ్యాయులు బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు.

3. అన్ని తరగతులకూ ఒకే నమూనా ఫైలు ఇవ్వండి. యూనికోడ్ తెలుగు ఫాంటు, భిన్నాలు తెగని వరస ఎడం, సమీకరణాలకు సిద్ధంగా పేర్చిన గడులు అందులో ఉండాలి. ఒక్కసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

4. గణితం టైపు చేసేవారికి ఏడాదికి ఒక రోజు శిక్షణ, గణితం పేజీకి వేరే రేటు.

5. సమీకరణాలను ఫొటోలుగా అతికించడం ఆపండి. పాత ప్రశ్నల నిధిని కొత్త సాధనంలోకి మార్పించండి.

6. పాఠ్యపుస్తకాల పునర్ముద్రణలో గణితం తప్పులు తెలపడానికి ఒక చిరునామా అచ్చువేయండి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబివ్వండి.

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా వచ్చే సమీకరణాల రకాలన్నిటితో నేను ఒక నమూనా ఫైలు తయారుచేసి ఉంచాను. భిన్నాలు, కరణులు, సమీకరణాల జతలు, వర్గ సమీకరణాల సాధనలు అన్నీ పేర్చి ఉన్నాయి. పైసా అక్కర్లేదు, అడిగిన వారికి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. వేసవి సెలవుల్లో శిక్షణ పెడితే నా ఖర్చుతో వచ్చి చెబుతాను. ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను.

ఆ పదిహేడు జవాబు పత్రాలూ మా బడి బీరువాలో భద్రంగా ఉన్నాయి. వాటిని తిరిగి దిద్దడానికి అనుమతి ఇప్పించండి. ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చింది. మొన్న కూడా అడిగింది.

ఇట్లు
భవదీయురాలు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు